లారీల వంతు

“నాలుగు టీలు” అని నా కొడుకు ఉమామహేశ్ హాల్లోంచి కేకేశాడు. కోడలు శివజ్యోతి ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. నేనే గిన్నె పొయ్యి మీద పెట్టాను.

కల్లూరులో మా ఇంటి హాలే వాడి ఆఫీసు. వచ్చినవాళ్లు మంగంపేట గనులకు లారీలు తిప్పేవాళ్లు. ఏ లారీకి ఎప్పుడు లోడు వంతు వస్తుందో ఫోన్లో చూపించే సైటు వాళ్ల కోసమే నడుస్తోంది. చేసేది కోడలు, చేశానని చెప్పేది కొడుకు. మొదట వాడే రంగులు, బటన్లు, వంతుల నియమం అన్నీ ఒకే ఫైల్లో కలిపి రాశాడు. పోయిన నెల ఒక బటన్ రంగు మార్చబోయి, పక్కనే ఉన్న నియమంలో ఒక ముక్క చెరిపేశాడు. ముందొచ్చిన లారీలు వెనక్కి పోయాయి. డ్రైవర్లు ఎండలో కొట్టుకున్నంత పని చేశారు. అప్పటినుంచి శివజ్యోతి వంటకీ, గిన్నెలకీ మధ్య కూర్చుని దాన్నంతా విడదీసింది. “చూపించేది ఒక చోట, నిర్ణయించేది ఇంకో చోట ఉండాలత్తా. అప్పుడు రంగు మార్చినా వంతు చెడదు” అంది. బడి మొహం చూడక, పొట్లం కాగితాల మీద చదువు నేర్చుకున్నదాన్ని. నాకు అర్థమైనంత అయింది. వాడు మాత్రం, “స్క్రీను ముందెట్లుండెనో ఇప్పుడూ అట్లే ఉండాది. ఇన్నాళ్లూ నువ్వు చేసిందేముంది?” అన్నాడు. ఊడ్చి తుడిచిన ఇంట్లో కూర్చుని వాళ్ల నాన్న కూడా నన్ను ఇదే అడిగేవాడు.

హాల్లో లారీల పెద్ద సోమన్న అడుగుతున్నాడు. “రిపేరుకొచ్చి దోవలో ఆగిన లారీకి వంతు పోకూడదు. అట్ల మార్చనీకి ఐతాదా, ఉమామహేశప్పా?”

“ఐతాదన్నా. నేను రాసిందే గదా.”

అని లోపలికొచ్చి, గొంతు తగ్గించి, “అది యాడ మార్చాల, చెప్పు” అన్నాడు కోడలితో.

“సోమవారం కడప కంపెనీలో చేరతాండానని చెప్పినా గదా. నువ్వే ఎతుక్కో.”

వాడు నా వైపు చెయ్యి చూపించాడు. “అమ్మ మొహం చూసి చెప్పు ఆ మాట. నువ్వు పుట్టింటికి పోతేనే ఆమె ముద్ద ముట్టలేదు. ఆమెకేమన్నా ఐతే ఆ పాపం నీదే.”

అబద్ధం కాదు. మా అక్క పెళ్లై అత్తారింటికి పోయిన నాటి నుంచి ఎవరు గడప దాటినా నాకు గుండె దడ. కోడలి వేళ్లు ఆగిపోయాయి. ఆ ఆగడం నాకు తెలుసు. మా అత్త దగ్గును చూపించే, మా అమ్మ చివరి చూపుకు మా ఆయన నన్ను పోనివ్వలేదు.

“నా దడ నాది. నన్ను అడ్డం పెట్టుకోవద్దురా” అన్నాను.

వాడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. పక్కకు జరిపి హాల్లోకి వెళ్లాను.

“సోమన్నా, మీ వంతులు రాసిన మనిషి సోమవారం కడపకు పోతాండాది. అడిగేదేమన్నా ఉంటే ఆమెనే అడుగప్పా.”