దీప పేరుకు ఎనిమిది బోల్టులు

మా ఆయనతో నాకున్న ఇబ్బంది ఒక్కటే. ఏ పనీ తేలికగా చేయడం ఆయనకు రాదు. బట్టలు ఆరేసుకోవడానికి పెరట్లో ఓ తీగ కట్టమంటే, రెండు బర్రెలను ఆరేసినా తెగని ఇనుప తాడు కట్టాడు. వంటింటి అలమర తలుపు ఊడితే బిగించాడు. ఇప్పుడు అది తెరుచుకోవాలంటే ఆయన డ్యూటీ నుంచి రావాలి.

పేరు వీరేందర్. ఓపెన్‌కాస్ట్ గని వర్క్‌షాపులో ఫిట్టరు. షిఫ్టంతా వంద టన్నుల డంపర్లకు బోల్టులు బిగించి వచ్చే మనిషికి పసుపు డబ్బా మూత కూడా డంపరు చక్రంలాగే కనిపిస్తుందేమో. అది నేను సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఇంకోటుంది. ఆయన తప్పు ఒప్పుకోడు. ఒకసారి సెలవు రోజున పిల్లను బడికి తీసుకెళ్లి, తాళం వేసిన గేటు ముందు పావుగంట నిలబడి, ఇంటికొచ్చి "గా వాచ్‌మన్‌కు టైం తెల్వదు" అన్నాడు. తొమ్మిదేళ్ల కాపురంలో "నాది తప్పు" అనే మాట ఆ నోటి నుంచి నేను వినలేదు.

మా దీపకు ఆరేళ్లు. మొన్న మార్చి దాకా మా ఇద్దరి మధ్యే పడుకునేది. మధ్య అంటే అడ్డంగా. తల వాళ్ల నాన్న వైపు, కాళ్లు నా పక్కటెముకల వైపు. ఒంటిపూట బడులు మొదలవగానే మా సెంటినరీ కాలనీ క్వార్టరులో సామాన్లు కుక్కిన చిన్న గదిని ఖాళీ చేశాం. గులాబీ రంగు వేసి, మంచం వేసి, "ఇగ ఇది నీ రూము" అన్నాం.

అది నడుము మీద చేతులు పెట్టుకుని నాలుగు గోడలూ చూసింది.

"నాదని యాడ రాసున్నది? షబీనా రూముల గోడ మీద షబీనా పేరున్నది. నా పేరు పెడితేనే పండుకుంట."

షబీనా పక్కింటి నుస్రత్ బేగం కూతురు. నుస్రత్ ఆపా మిషన్ కుడుతుంది. కూతురి పేరును రంగురంగుల గుడ్డతో అక్షరాలుగా కుట్టి, దూది నింపి గోడకు వేలాడదీసింది. మేమూ అలాగే కుట్టిద్దామన్నాను. మా ఆయన నవ్వాడు.

"గుడ్డపేలికలా? బ్లాస్టింగ్ కొడితే ఉంటయా గవి? నేను చేస్త సూడు."

మా కాలనీ మూడు గంటల సంగతి ఇక్కడ చెప్పాలి. అవతల గనిలో బ్లాస్టింగ్ ఆ వేళకే. సైరన్ మోగగానే ఆడవాళ్లం పొయ్యి మీద గిన్నె ఉంటే పట్టుకుంటాం. నేల ఒక్కసారి ఒళ్లు విరుచుకుంటుంది. ఆ తర్వాత ఇంటింటా గోడల మీది దేవుళ్లనూ పెళ్లి ఫొటోలనూ సరిచేసుకుంటాం. మా పెళ్లి ఫొటోలో నేను రోజూ మూడింటికి మా ఆయన మీదికి ఒరుగుతాను. మూడూ ఐదుకు మళ్లీ నిటారుగా నిలబడతాను.

రెండక్షరాల పేరుకు పదకొండు రోజులు పట్టింది. గోదావరిఖనిలో ఇనుప రేకు కొని, అతీక్ వెల్డింగ్ షాపులో కోయించి, అరగదీసి, గులాబీ రంగు కొట్టాడు. అతీక్ కాంటా మీద పెట్టి చూస్తే 'దీ' ఒక్కటే నాలుగు కిలోలట. ఆ మాట ఆయన ఇంటికొచ్చి సంతోషంగా చెప్పాడు. ఆ సాయంత్రమే నేను దీప పాత గౌన్లు రెండు పట్టుకుని నుస్రత్ ఆపా దగ్గరికి వెళ్లాను. ఊరికే, ఎందుకైనా మంచిదని. కుట్టిన అక్షరాలను తెచ్చి బియ్యం డబ్బాలో దాచాను. మా ఇంట్లో మగవాళ్ల చెయ్యి పడని చోటు అదొక్కటే.

మా మామయ్య గట్టయ్య మాతోనే ఉంటాడు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టి ఆపడం ఆయన పని. మందుగుండు చప్పుళ్లకు చెవులు మందగించాయని అంటాడు గానీ, చాయ్ అన్న మాట మాత్రం వీధి చివరి నుంచైనా వినిపిస్తుంది. ఎక్కడికెళ్లినా చేతికర్రతో గోడనో కప్పునో కొట్టి, చప్పుడు విన్నాకే కూర్చుంటాడు. పెళ్లిచూపులకు మా ఇంటికొచ్చినప్పుడు కూడా గోడ కొట్టి "మంచిగనే ఉన్నది" అన్నాడు. నన్నే అన్నాడనుకుని మా అమ్మ మురిసిపోయింది.

అక్షరాలు బిగించే శనివారం మా ఆయనకు రెస్టు. మామయ్య వచ్చి దీప మంచం తలాపున గోడను టకటకా కొట్టాడు. మొహం చిట్లించాడు.

"వీరేందరూ, గోడ టంగుమంటలేదురా. బద్ మంటున్నది. లోపల వదిలింది. నెత్తి మీద ఇనుము పెట్టకు."

"బాపూ, గిది బాయి కాదు, కోటరు."

"బాయి కాకుంటే బ్లాస్టింగ్ ఎందుకు కొడుతున్నరురా?"

"నేను బిగించిన బోల్టు ఇప్పటిదాంక ఊడలే. ఊకో నువ్వు."

"బోల్టు మాట కాదురా నేను చెప్పేది..."

డ్రిల్లింగ్ మిషన్ మొదలైంది. ముసలాయన మాట అందులో కలిసిపోయింది. అక్షరానికి నాలుగు చొప్పున ఎనిమిది బోల్టులు. పని అయ్యాక చూస్తే, నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. బడి నుంచి వచ్చిన దీప ఎగిరి గంతేసింది.

"డాడీ, ఇది పడదు గద?"

"భూమి పడ్డా ఇది పడది బిడ్డా."

దిండు తెచ్చి మంచం మీద పెట్టుకుంది. ఆ రాత్రి నుంచే అక్కడ పడుకుంటానంది. మామయ్య మంచాన్ని అవతలి గోడ దాకా లాగాడు. మా ఆయన మళ్లీ ఇటు లాగాడు. మా ఆయన చాయ్ తాగుతుండగా మామయ్య మళ్లీ అటు లాగాడు.

మూడింటికి మా ఆయన అందరినీ పిలిచి, చేతులు కట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాడు. సైరన్ మోగింది. నేల కదిలింది. 'ప' కదల్లేదు. 'దీ' మాత్రం నాలుగు బోల్టులతో, పీట సైజు సిమెంటు పెచ్చుతో, ఒక ఇటుక ముక్కతో సహా ఊడొచ్చి, ఇందాక దిండు ఉన్న చోట గచ్చు పగలగొట్టింది.

దుమ్ము సర్దుకుంది. మా ఆయన మొహం తెల్లబడింది. ఒకసారి మంచం వైపు, ఒకసారి నేల వైపు చూశాడు. తర్వాత వంగి ఆ ఇనుమును ఎత్తి, నాలుగు బోల్టులనూ వేలితో కదిపి చూశాడు.

"సూడుండ్రి. ఒక్క బోల్టన్న లూజైందా? ఊడింది గోడ!"

దీప దిండు తీసుకుని మా గదిలోకి వెళ్లిపోయింది.

తర్వాత రెండు రోజులు దోషుల జాబితా చదివాడు. సిమెంటు తక్కువ కలిపారు. ఇసుక మంచిది కాదు. ఆ రోజు గనిలో మందుగుండు ఎక్కువ పెట్టారు. ఆయన పుట్టకముందు ఈ గోడ కట్టిన మేస్త్రీ కూడా జాబితాలో ఉన్నాడు. దీప మాత్రం ఆ గదిలో కాలు పెట్టడం మానేసింది. బొమ్మ కావలసి వస్తే గుమ్మంలోనే నిలబడి తాత చేతికర్రతో లాక్కునేది. రాత్రి నా పక్కటెముకలకు మళ్లీ డ్యూటీ.

మూడో రోజు బియ్యం డబ్బాలోంచి గుడ్డ అక్షరాలు తీసి దులిపాను.

"ఇవెప్పటియి?" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఇనుము కొన్ననాటియి."

"అంటే నా మీద నమ్మకం లేదా నీకు?"

"నీ మీద ఉన్నది. గోడ మీద లేకుండె."

కానీ ఎక్కడ వేలాడదీయాలి? మిగిలిన గోడలు కూడా కొట్టి చూసి మామయ్య తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా ఆటోలో వెళ్లి రెండు లావు సరుగుడు కట్టెలు, ఒక సన్నటి కట్టె తెచ్చాడు.

"గోడను నమ్ముకోవద్దు బిడ్డా. బాయిల కప్పును నమ్ముకుంటమా? మన కర్రను మనమే నిలబెట్టుకోవాలె."

మంచం తలాపున అటొకటి ఇటొకటి కట్టెలు నిలబెట్టాడు. కట్టెకూ పైకప్పుకూ మధ్య చెక్క ముక్క పెట్టి, పక్క నుంచి మేకు లాంటి చెక్కను దూర్చి సుత్తితో కొట్టాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఒక్క దెబ్బ కూడా పక్కకు పోలేదు. పైన అడ్డకట్టె కట్టాక, చేతికర్రతో నిలువు కట్టెను కొట్టి చెవి ఆనించాడు. టంగుమంది. ఆయన మొహం చూడాలి అప్పుడు. పదేళ్ల తర్వాత మళ్లీ షిఫ్టుకు ఎక్కినట్టుంది. అడ్డకట్టెకు దీప పేరు వేలాడదీశాం. రెండక్షరాలూ కలిపి ఒక మామిడికాయంత బరువు.

మూడింటికి మళ్లీ గుమ్మంలో చేరాం. నుస్రత్ ఆపా కూడా తన కుట్టుపని చూసుకోవడానికి వచ్చింది. సైరన్ మోగింది. నేల కదిలింది. అక్షరాలు ఉయ్యాల ఊగినట్టు రెండుసార్లు ఊగి ఆగిపోయాయి. కట్టెలు కిక్కురుమనలేదు.

దిండును గుండెకు హత్తుకుని దీప గడప అవతలే నిలబడింది.

"డాడీ, ఇది పడ్తదా?"

"పడది బిడ్డా."

"అది గూడ పడదంటివి. మరి ఇదెట్ల నమ్మాలె?"

మా ఆయన కప్పు వైపు చూశాడు. మూలన పెట్టిన ఇనుప 'దీ' వైపు చూశాడు. సిమెంటు, ఇసుక, మేస్త్రీ, అన్నీ నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోవడం నాకు కనిపించింది. హాల్లో పెళ్లి ఫొటో సరిచేయాలని నాకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. అటు వెళ్లాను. చెవులు మాత్రం ఇక్కడే వదిలి వెళ్లాను.

"అప్పుడు గోడ మంచిగ లేదని తాత చెప్పిండు బిడ్డా. నేను ఇనలేదు." గొంతు తగ్గింది. "తప్పు నాదే. ఇది తాత నిలబెట్టిండు, పడది."

నేను తిరిగొచ్చేసరికి దీప గడప దాటింది. దిండును తన పేరు కింద పెట్టి, దాని మీద ఒక దెబ్బ వేసింది.

మామయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందిరా? ఏదో అన్నవు. ఇనబడలే."

గోడ లోపల సిమెంటు వదిలిన చప్పుడు పట్టుకున్న చెవులవి.

"అదే బాపూ... చెప్పిన గద దీపకు."

"జెర గట్టిగ చెప్పురా."

నుస్రత్ ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన ఊపిరి పీల్చుకుని, డంపరు కింద ఉన్న హెల్పర్‌ను పిలిచేంత గొంతుతో అరిచాడు.

"నాదే తప్పు బాపూ!"