ఆరని నాలుగో వరుస

కుట్టు మాస్టారు పొద్దున్నే కొట్టు తీసి, మిషనుకి రెండు చుక్కలు నూనె వేసి, కత్తెర తుడిచి, ఆ తర్వాత ఫోనుని దారాల డబ్బాకి ఆనించి పాఠం మొదలుపెడతారు. పాఠం పూర్తయ్యేలోగా ఫోను రెండుసార్లు బోర్లా పడుతుంది. పడని రోజున పాఠమంతా ఆయన బొజ్జ మీదే నడుస్తుంది. "మాస్టారూ, చంక దగ్గర ఎంత వదిలారో కనబడలేదు" అని ఒకరు, "మీ చొక్కా గుండీ ఊడింది చూసుకోండి" అని ఇంకొకరు కింద రాస్తారు. ఆయన వీడియోలు చూసి కుట్టు నేర్చుకునేవాళ్ళు లక్షకు పైనే.

ఏడాది కిందటి దాకా వాళ్ళకి ఆయన చేతులే కనబడేవి. అప్పుడు ఫోను పట్టుకునేది కోడలు. పట్టుకుని ఊరుకునేదా అంటే అదీ లేదు. "ఇంకోసారి చూపించండి మామయ్యా" అని మధ్యలో అడ్డం పడేది. ఆయన విసుక్కుంటూ మళ్ళీ చూపించేవారు. నిజం చెప్పాలంటే, అసలు పాఠం ఆ రెండోసారిలోనే ఉండేది.

తర్వాత కొడుక్కీ కోడలికీ పొసగలేదు. అరుపులూ కేకలూ లేకుండానే విడిపోయారు. ఆమె పెట్టె సర్దుకుని వెళ్తుంటే మాస్టారు గుమ్మం దాకా వచ్చి, మెడలో ఉన్న టేపు తీసి మళ్ళీ మెడలోనే వేసుకున్నారు.

ఇప్పుడు ఆయనకి సోమవారం గుండె ఆపరేషను. కొడుకు నాలుగు రోజుల ముందే మొదలుపెట్టాడు.

"ఇల్లూ కొట్టూ ఎవరికో ఎప్పుడో తేల్చేశారు కదా నాన్నా. ఈ ఫోన్లో ఉన్నవాటి సంగతి కూడా కాగితం మీద పెట్టించండి. వాచీల ఆయన్ని చూస్తున్నాంగా."

ఎదురుకొట్టు వాచీల ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన ఖాతా ఎవరి చేతిలోనూ లేదు. ఏటా పుట్టినరోజు వచ్చిందంటూ అదే అందరికీ కబురు పెడుతుంది. సగం వీధి "నూరేళ్ళు చల్లగా ఉండండి" అని దీవిస్తుంది. తన మూడొందల పాఠాలకీ అదే గతి పడుతుందేమోనని మాస్టారికి బెంగ. కత్తి పడుతుందన్న భయం కంటే అదే ఎక్కువ. గురువారం నాడు కాగితాల పిన్ని దగ్గరికి బయల్దేరారు.

పిన్ని ఆఫీసు జిరాక్సు కొట్టు మీద ఒంటి గది. మనిషి పోయాక అతని మెయిలూ ఫొటోలూ ఖాతాలూ ఎవరికి చెందాలో రాసిపెట్టడం ఆమె పని. ఆమె సిరాకి ఒక అలవాటుంది. చెందాల్సినవాళ్ళ పేరు రాస్తే వెంటనే ఆరుతుంది. వేరేవాళ్ళ పేరు రాస్తే ఫ్యాను కింద పెట్టినా, ఎండలో పెట్టినా ఆరదు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే గనక ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు. ఆమె దగ్గరికి వెళ్ళేటప్పుడు తెల్లబట్టలు మాత్రం వేసుకోరు.

కాగితంలో మూడు గళ్ళు: ఏ ఖాతా, ఎవరికి, వాళ్ళతో సంబంధం. మొదటి వరుసలో ఫొటోలు కూతురికి రాశారు. పెన్ను ఎత్తకముందే ఆరింది. బట్టలు కుట్టించుకునేవాళ్ళ కొలతలన్నీ ఉన్న కొట్టు పేజీ కొడుక్కి. అదీ ఆరింది. మెయిలూ కొడుక్కే. దానికీ పేచీ లేదు. నాలుగో వరుసలో పాఠాల ఛానెల్ అని రాసి, పక్కన కొడుకు పేరు పెట్టారు.

సిరా నిగనిగలాడుతూ అలాగే నిలబడింది.

కొట్టేసి కూతురి పేరు రాశారు. తడే. ఇద్దరికీ కలిపి రాశారు. ఇంకా తడి. "ఎవరికీ వద్దు, నాతోనే పోనీ. తీసెయ్యమని రాసేస్తాను" అన్నారు విసుగ్గా. అలా రాసేసరికి సిరా గడి దాటి కారింది.

"దాని పాస్‌వర్డ్ ఏమిటి మాస్టారూ?" అంది పిన్ని.

"ఏమో. ఫోను ముట్టుకుంటే తెరుచుకుంటుంది."

"పెట్టిందెవరు?"

"పెట్టినవాళ్ళు పెట్టారు" అన్నారు కిటికీలోంచి చూస్తూ. "ఆ అమ్మాయి ఇప్పుడు మాకేమీ కాదు. సంబంధం గడిలో ఏమని రాయను?"

"నన్నడిగితే నాకేం తెలుసు? తడి కాగితం మీద మాత్రం నేను ముద్ర వెయ్యను" అంది పిన్ని. కాగితంతో పాటు పెన్ను కూడా ఆయన చేతికిచ్చింది. "సోమవారం లోపు తెచ్చివ్వండి. పెన్ను మర్చిపోకండి."

మర్నాడంతా ఆ కాగితం కొట్లో బల్ల మీదే ఉంది. ఎవరిదో కొత్త చొక్కా జేబుకి ఇంత మరక అంటించింది. కొడుకు వచ్చి, కొట్టేసిన తన పేరు మీద వేలు పెట్టి, నల్లబడ్డ వేలికేసి చూసుకున్నాడు.

"నాకు కోపమొస్తుందని ఆగారా నాన్నా?"

మాస్టారు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించారు.

"మా ఇద్దరికీ పడలేదు, నిజమే. మీ ఇద్దరికీ ఎప్పుడు చెడింది?" అన్నాడు కొడుకు.

ఆ మాట ఆయన గుండెకి తగిలింది. ఏడాదిగా ఒక్క ఫోనైనా చెయ్యనందుకు సిగ్గేసింది. శనివారం భోజనాల వేళకి ఆ అమ్మాయి పనిచేసే రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డారు.

ఆమె ఆయన్ని చూసి గబగబా వచ్చింది. "మామయ్యా!" అనేసి, నాలుక్కరుచుకుని, "మాస్టారూ" అంది. "ఒంట్లో ఎలా ఉంది? అలా అయిపోయారేంటి?"

"నీకిక్కడ పనెలా ఉందమ్మా?"

"కాలర్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలర్లే. చొక్కాలో మిగతాది ఎలా ఉంటుందో కూడా నాకు చూపించరు."

గేటు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుని, ఆయన కాగితం విప్పి, ఆపరేషను సంగతీ సిరా సంగతీ చెప్పారు. నాలుగో వరుస కింద మళ్ళీ ఛానెల్ అని రాసి, పక్కన ఆమె పేరు రాశారు. పేరు వెంటనే ఆరిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

తర్వాత సంబంధం గడిలో "మాజీ కోడలు" అని రాశారు. అది ఆరలేదు సరికదా, పాకి ఆమె వేళ్ళకంటింది.

"నాకూ నచ్చలేదులెండి" అంది ఆమె, వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ.

"సహాయకురాలు" అని రాశారు. తడే. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, కొట్టేసిన మాటల కింద మిగిలిన కాస్త చోటులో చిన్న అక్షరాలతో "నా తర్వాత మాస్టారు" అని రాశారు. సిరా ఆరింది. ఆయన బొటనవేలితో గట్టిగా రుద్ది చూశారు. చెక్కుచెదరలేదు.

"ఏడాదిగా కాలరు తప్ప ఏమీ కుట్టలేదు నేను" అంది ఆమె.

"కాలరు వచ్చినవాళ్ళకి మిగతాది ఎంతసేపు? నాకే ఇప్పటికీ కాలరు సరిగ్గా కుదరదు."

"తెలుసు. అందుకేగా కాలరు దగ్గరికి వచ్చేసరికి ఫోను దూరం జరిపేదాన్ని!"

మాస్టారు పకపకా నవ్వి, గుండె పట్టుకుని, నవ్వు తగ్గించారు. "ఇంతకీ ఆ పాస్‌వర్డ్ ఏమిటి?"

"చెప్పను. ఇక నాదేగా?" అంది ఆమె.

ఆపరేషను బాగానే జరిగింది. మూడు నెలలు కత్తెర ముట్టుకోవద్దన్నారు డాక్టరు. పిన్ని ముద్ర వేసిన కాగితం బీరువాలో ఉంది. నిజానికి దాంతో ఇప్పుడే పని లేదు. ఆమె మాత్రం ఫ్యాక్టరీ మానేసింది. "మీ తర్వాత దాకా ఎందుకు, ఇప్పుడే మొదలుపెడతాను" అంటూ పొద్దున్నే వచ్చి మిషను ముందు కూర్చుంది. కొడుకు ఆమెకి కుర్చీ సర్ది, పలకరించి, తన పని మీద వెళ్ళిపోయాడు.

ఆ రోజు పాఠం కాలరు. ఫోను పట్టుకున్నది మాస్టారు. బొమ్మ కొంచెం వణుకుతోంది గానీ చేతులు చక్కగా కనబడుతున్నాయి. ఆమె కాలరు మొన తిప్పి, సూదితో పైకి లాగి, ఇస్త్రీ పెట్టెతో ఒక్కసారి అదిమింది. యాభై ఏళ్ళుగా తనకి కుదరని మొన అలా నిటారుగా లేచేసరికి మాస్టారు ఫోనుతో సహా ముందుకి వంగారు.

"ఇంకోసారి చూపించండి, మాస్టారూ" అన్నారు.