పెరటి గోడవార నీలిపువ్వు

మా వీధి తేనెటీగలు నా మాట జవదాటవు. నవ్వకండి. రాళ్లగుట్ట మీద పెరిగే నీలం అడవిపువ్వును పెరట్లో పూయించిన మొనగాణ్ణి నేనే. మొదటి పూటే నలభై తేనెటీగలు వచ్చి వాలాయి.

కథ మా అల్లుడి స్కూటరు దగ్గర మొదలైంది. దాన్ని నిలపడానికి పెరడంతా బండలు పరిపించాలని అతని పట్టు. అక్కడ మా ఆవిడ గుమ్మడిపాదు ఉంది. పూలు బుట్టెడు, పిందె ఒక్కటీ నిలవదు. అడవిపువ్వు పూస్తే తేనెటీగలు వస్తాయి, అవి వస్తే పిందెలు నిలుస్తాయి అన్నాను. అల్లుడు ఏడాది గడువిచ్చాడు. ఈలోగా పువ్వు పూయకపోతే బండలే.

నాటాను. ఆకులు వేసింది. ఎండలు ముదిరేసరికి పుల్లలా మాడిపోయింది. ఏటేటా వేరులోంచి మళ్లీ లేచే జాతి ఇది అని వీధంతా ఉపన్యాసాలిచ్చిన నేనే, నా మాట నేనే నమ్మలేక, ఎవరూ చూడకుండా దాన్ని పీకి గోడవార విసిరేశాను. పరువు దక్కించుకోవడానికి ఆ ఖాళీ మట్టికి మూడు నెలలు చెంబుతో నీళ్లు పోశాను.

గడువునాడు తాపీమేస్త్రి టేపు పట్టుకుని దిగాడు.

"మొక్కేది మావయ్యా?" అన్నాడు అల్లుడు.

"నిద్రపోతోంది. నెమ్మదిగా మాట్లాడు."

"అయితే గురక వినిపించదేం?"

మేస్త్రి కిసుక్కున నవ్వి టేపు చాచాడు. అప్పుడే గోడ దగ్గర్నుంచి మా ఆవిడ పిలిచింది.

"ఏమండీ, మీ నిద్రమొహంది ఇక్కడ లేచి కూర్చుంది, రండి."

ఒక చెప్పు దారిలోనే వదిలేసి పరుగెత్తాను. రాళ్ల మధ్య నీలం గుత్తి, దాని మీద ఒళ్లంతా పుప్పొడి పూసుకున్న తేనెటీగ. చూస్తుండగానే అది లేచి గుమ్మడిపువ్వులోకి దూరింది. నేను గంతేశాను, మోకాళ్ల సంగతి తర్వాత తెలిసింది. అల్లుడు కూడా నోరు తెరుచుకుని నా భుజం పట్టేసుకున్నాడు. మేస్త్రి టేపు సర్రున చుట్టుకుపోయింది.

నేను విసిరేసిన వేరును గిల్లి చూస్తే లోపల పచ్చిగా ఉందట. మా ఆవిడే రాళ్లలో గుచ్చి, దాని మానాన దాన్ని వదిలేసిందట.

"మరి నేను ఖాళీ మట్టికి నీళ్లు పోస్తుంటే చెప్పలేదేమే?"

"ఒళ్లు కాస్త కదుల్తుంది కదా అని."

వారం తిరిగేసరికి బొటనవేలంత పిందె నిలిచింది. స్కూటరు వీధిలోనే ఉంది.

పూయించింది నేను కాదని ఎలాగూ తేలిపోయింది కాబట్టి మిగిలింది కూడా ఒప్పుకుంటాను. నలభై తేనెటీగలు నా కల్పన. వచ్చినవి మూడు. మూడోది ఈగని మా ఆవిడ వాదన.