నాలుగు వేళ్ల మడత

బడులు తెరిచే నెల వచ్చిందంటే పుంగనూరులో దర్జీ జహీర్ ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు. ముందుగది అంగడి, వెనకగది ఇల్లు, రెంటికీ మధ్య పాత చీరతో కట్టిన తెర. జూన్ మొదలయ్యేసరికి బడి గుడ్డలు ఆ తెర దాటి లోపలికి వచ్చేస్తాయి. మంచం మీద గుడ్డలు, బియ్యం డబ్బా మీద గుడ్డలు, కిటికీలో గుడ్డలు. అన్నీ ఒకటే రంగు. ఏ మూట ఎవరిదో తెలియడానికి ప్రతి మూటకూ ఒక చీటీ, చీటీ మీద ఒక అంకె ఉంటాయి. ఆ అంకె కింద పిల్లవాడి పేరు, కొలతలు పుస్తకంలో ఉంటాయి.

ఆ పుస్తకం రాసేది జహీర్ కూతురు మెహ్‌నాజ్. ఈ ఏడు పదో తరగతి. బడిలో పేరు పిలిస్తే పలకడానికి కూడా గొంతు పెగలని పిల్ల. పుస్తకం పని ఆమెకు నచ్చింది అందుకే. తల వంచుకుని రాస్తే చాలు, ఎవరితోనూ మాట్లాడే పని లేదు.

ఆ పనికీ ఒక పద్ధతి ఉంది. జహీర్ టేపు పెట్టి అంకె చెబుతాడు. ఇంట్లో మాట ఉర్దూ, పిల్లలకు నాన్న అబ్బా, అమ్మ అమ్మీ, అక్క ఆపా. అయినా అంగుళాలు మాత్రం తెలుగులోనే పలుకుతాడు, గిరాకీకి వచ్చినవాళ్లకూ తెలియాలని. మెహ్‌నాజ్ చెవితో వినాలి, కంటితో టేపు చూడాలి, అప్పుడు రాయాలి. అయిదో తరగతిలో ఆమె చేతికి పెన్సిలు ఇచ్చిన రోజే చెప్పాడు, నా నోరు తప్పొచ్చు గానీ టేపు తప్పదు, కన్ను చూసిందే రాయమని.

రెండో పద్ధతి మడత. పెరిగే పిల్లల ప్యాంటు కాలి అంచున లోపలికి రెండు వేళ్ల గుడ్డ మడిచి కుడతాడు జహీర్. మరుసటి ఏడు తల్లులు ఆ కుట్టు ఊడదీసి కిందికి దింపుకుంటారు. ఎండకూ నీళ్లకూ వెలిసిపోయిన గుడ్డ కింద, కొత్తరంగు చెడని పట్టీ ఒకటి బయటపడుతుంది. బడికి పోయే పిల్లల కాళ్ల దగ్గర ఆ పట్టీ చూస్తే చాలు, ఏడాదిలో ఎవరెంత పెరిగారో చెప్పొచ్చు.

షాహిద్ పోయినేటి ప్యాంటుకు ఆ పట్టీ లేదు. మడత విప్పే అవసరం రాలేదు.

షాహిద్ మెహ్‌నాజ్ తమ్ముడు. ఎనిమిదేళ్లు, ఈసారి మూడో తరగతి. వాడి తర్వాతివాడు ఇమ్తియాజ్ ఇప్పుడే ఒకటో తరగతిలో చేరబోతున్నాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే కొత్తవాళ్లు కవలలా అని అడుగుతారు. అన్న ప్యాంట్లు తమ్ముడికి రావడం ఏ ఇంట్లోనైనా మామూలే. ఇక్కడ అన్న ప్యాంటు అన్నకే సరిపోతుంటే తమ్ముడికి ఏమొస్తుంది?

చలికాలంలో తల్లి అస్మా పట్టుబట్టి షాహిద్‌ను మదనపల్లెలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మెహ్‌నాజ్, జహీర్ కూడా వెళ్లారు. డాక్టరు అన్నీ చూసి, పాత కొలతలేమైనా ఉన్నాయా అని అడిగాడు. జహీర్‌కు ఆ మాట గర్వంగా తోచింది. తన పుస్తకం సంగతి చెప్పాడు. డాక్టరు మెచ్చుకుని, బడులు తెరిచే లోపల మళ్లీ కొలవండి, ఒక్క అంగుళమైనా పెరగకపోతే ఆ పుస్తకం పట్టుకుని కుప్పంలో పెద్దాసుపత్రికి పోండి అన్నాడు. అక్కడ కొన్నాళ్లు ఉంచుకుని పరీక్షలు చేస్తారనీ, దీనికి మందు పనిచేసే వయసు ఒకటుంటుందనీ, అది దాటనివ్వొద్దనీ కూడా చెప్పాడు.

ఆ రోజు నుంచి అస్మా వాడికి రోజూ గుడ్డు, రాత్రి పాలు తప్పనివ్వలేదు. తలుపు పైన కర్ర కట్టించి, పొడవు సాగుతాడని పొద్దునా సాయంత్రం వాణ్ని దానికి వేలాడించింది. అయినా మే నెలాఖరుకు ఒక సంచి సర్దింది. రెండు దుప్పట్లు, వాడి చొక్కాలు, డాక్టరు కాగితాలు. సంచిని మంచం కింద పెట్టింది. కుప్పం పోవాల్సి వస్తే చేతికి అందాలని.

బడులు తెరవడానికి వారం ఉందనగా చౌడేపల్లె నుంచి వసంతమ్మ మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. పాడి ఇంటి మనిషి, ఏటా వచ్చే గిరాకీ. వాడి పేరు హరీష్. చౌడేపల్లెలో చదివినా వాడిదీ షాహిద్ తరగతే. పోయినేడు ఇద్దరి ప్యాంటు పొడవూ ఇరవై నాలుగు అంగుళాలే.

"నువ్వు పెట్టిన మడత సంక్రాంతికే ఇప్పేసినా జహీరప్పా," అంది వసంతమ్మ. "మా బర్రె తాగే కుడితి తాగతాండాడేమో వీడు, అట్ట పెరగతాండాడు. ఈసారి మూడు వేళ్ల మడత పెట్టు."

"మూడు వేళ్లు మడిస్తే ఆ బరువుకే వాగులో పడతాడమ్మా," అన్నాడు జహీర్. టేపు నడుము నుంచి చీలమండ దాకా వేసి, ఇరవై ఆరు అని చెప్పాడు. మెహ్‌నాజ్ టేపు చూసి రాసింది.

అప్పుడే షాహిద్ వీధిలోంచి పరుగెత్తుకొచ్చాడు. వసంతమ్మ వాణ్ని హరీష్ పక్కన నిలబెట్టి చూసింది. వాడి తల హరీష్ చెవి దగ్గరికి వచ్చింది.

"పోయినేడు నేను ఈడ సూసిపోయినోడేనా? అట్నే ఉండాడే," అంది. చెడ్డగా అన్న మాట కాదు. కానీ తెర వెనక గరిటె చప్పుడు ఆగిపోయింది.

వసంతమ్మ వెళ్లాక జహీర్ షాహిద్‌ను పిలిచాడు. ఎలాగూ కొలవాల్సిందే, ఎన్నాళ్లు జరుపుతాడు? వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని టేపు నడుము దగ్గర ఆనించి కిందికి లాగాడు. మెహ్‌నాజ్ పుస్తకం తీసింది. తెర కింద రెండు పాదాలు కనిపిస్తున్నాయి. అమ్మీ అక్కడే నిలబడి ఉంది, కదలకుండా.

టేపు మీద అబ్బా బొటనవేలు ఇరవై నాలుగు దగ్గర ఉంది. పోయినేడు ఎక్కడుందో అక్కడే.

జహీర్ టేపును ఒకసారి ఎత్తి మళ్లీ పెట్టాడు. బొటనవేలు మళ్లీ అక్కడికే వచ్చింది. అతని కళ్లు తెర కిందికి పోయాయి.

"ఇరవై అయిదున్నర," అన్నాడు.

తెర పక్కకు జరిగింది. అస్మా ముఖం చూసి మెహ్‌నాజ్ చూపు దించుకుంది. అమ్మీ అంత సంతోషంగా ఉండగా చూసి ఎన్నాళ్లయిందో. షాహిద్ నోట్లో ఇంత బెల్లం పెట్టింది, ఇమ్తియాజ్‌కూ ఇంత ఇచ్చింది, అల్లాకు షుక్రియా చెప్పుకుంది. లోపలికి పోయి మంచం కింది సంచి లాగి, దుప్పట్లు తీసి మళ్లీ పెట్టెలో పెట్టింది.

మెహ్‌నాజ్ పుస్తకం వైపు చూసుకుంది. అయిదేళ్ల అలవాటు. ఆమె చెయ్యి కన్ను చూసిందే రాసింది. షాహిద్, ప్యాంటు పొడవు, 24.

ఆ తర్వాతి అయిదు రోజులు ఆమె గుండీల కాజాలు కుడుతూ అమ్మీకి చెప్పాలనుకునేది. అమ్మీ ఇరుగుపొరుగుతో నవ్వుతూ మాట్లాడుతుంటే తల వంచుకుని ఇంకో కాజా మొదలుపెట్టేది. చెబితే అమ్మీ కూలిపోతుంది. చెప్పకపోతే డాక్టరు అన్న ఆ వయసు రోజుకింత దాటిపోతూ ఉంటుంది. ఇంట్లో తెలిసినవాళ్లు ఇద్దరే, అబ్బా, తనూ. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు.

బడులు రేపు తెరుస్తారనగా గిరాకీ గుడ్డలన్నీ వెళ్లిపోయాయి. దర్జీ ఇంట పిల్లల గుడ్డలది ఎప్పుడూ ఆఖరి వంతే. మధ్యాహ్నం జహీర్ షాహిద్ ప్యాంటు కుట్టి, కాళ్ల అంచులు తానే మడిచి, ఇస్త్రీ పెట్టి, చేతికుట్టు వేయమని మెహ్‌నాజ్‌కు ఇచ్చాడు. ఆమె మడత మీద వేళ్లు ఆనించింది. రెండు వేళ్లు కాదు, నాలుగు. చెప్పిన అంకెకే కత్తిరించి, లేని పొడవంతా లోపలికి మడిచేశాడు.

"గట్టిగా కుట్టు," అన్నాడు జహీర్, మిషను వైపే చూస్తూ. "పుస్తకంలో నువ్వు రాసింది సూసినా," అన్నాడు.

మెహ్‌నాజ్ సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు.

"మీ అమ్మీ అయిదు నెలలుగా ఆ అంకె కోసమే కాసుకోనుండాది. ఆడ తెర కింద కాళ్లు కనపడతాంటే నాకు నోరు రాలేదు మెహ్‌నాజ్. కుప్పం పోతే ఏం చెబుతారో, దానికి మందే లేదంటే ఏం జేసేది? బక్రీద్ పోయింది, దసరా దాకా సూద్దాం. అంతలోపల పెరగడా వాడు?"

పెరగడా అని తననే అడుగుతున్నాడు అబ్బా. ఊళ్లో పిల్లలందరి ఎత్తూ ఆయన టేపుకు తెలుసు. వాళ్ల కంటే ముందు, వాళ్ల తల్లుల కంటే ముందు తెలుసు. ఆయనకే తెలియనిది తనకేం తెలుస్తుంది? మెహ్‌నాజ్ తల ఊపింది. కుట్టింది. గట్టిగానే కుట్టింది.

సాయంత్రం అస్మా ఇద్దరికీ కొత్త గుడ్డలు తొడిగింది. ఇమ్తియాజ్ చొక్కా గుండీలు తానే పెట్టుకుంటానని పేచీ పెట్టి కిందా మీదా పెట్టుకున్నాడు. షాహిద్ పోలీసులా చేతులు ఊపుకుంటూ ముందుగదిలో అటూ ఇటూ నడిచాడు. ప్యాంటు సరిగ్గా చీలమండ దగ్గర ఆగింది. కొత్త ప్యాంటు అంత సరిగ్గా కుదరడం బాగుందని అస్మా మురిసిపోయింది. ఒక దారప్పోగు వేలాడుతుంటే తెంచడానికి వంగి, కాలి అంచు పట్టుకుంది.

ఆమె వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

పదహారేళ్లుగా దర్జీ ఇంట్లో బతికిన మనిషి. కళ్లు మూసుకుని పట్టుకున్నా మడత ఎంతో చెప్పగలదు. ఒక వేలు ఆనించింది, రెండు, మూడు, నాలుగు. రెండో కాలు పట్టుకుంది. అదీ అంతే. మిషను చప్పుడు ఆగింది.

"మళ్లా కొలువు," అంది అస్మా. గొంతు పెంచలేదు.

జహీర్ లేచి రావడానికి కొంతసేపు పట్టింది. ఏదో తప్పు చేశానని షాహిద్ అనుకున్నట్టున్నాడు.

"నేను గుడ్డు రోజూ తింటాండా అమ్మీ. నిన్న కర్రకు కూడా యాలాడితి," అన్నాడు. అని, టేపు నడుముకు తగలగానే మునివేళ్ల మీద లేచి నిలబడ్డాడు. గడ్డం కూడా పైకెత్తాడు. పిక్కలు వణుకుతున్నాయి.

నడుముకూ చీలమండకూ మధ్య ఉండే కొలత మునివేళ్ల మీద లేస్తే పెరగదు. అది వాడికి తెలియదు.

"మడమలు ఆనించు బేటా," అన్నాడు జహీర్.

వాడు ఆనించాడు. టేపు కిందికి వచ్చింది. జహీర్ బొటనవేలు ఆ గీత మీద ఆగింది. అస్మా చూస్తోంది. ఊళ్లో వందల మంది పిల్లల అంకెలు గట్టిగా చెప్పిన మనిషికి ఆ ఒక్క అంకె రాలేదు.

"ఇరవై నాలుగు," అంది మెహ్‌నాజ్.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆ గదిలో ఆమె ఇన్నాళ్లూ రాసిందే గానీ ఒక్క అంకె కూడా పైకి చెప్పలేదు.

షాహిద్ ఒక్కొక్కరి ముఖం చూసి చివరికి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఎక్కువా తక్కువా ఆపా?"

మెహ్‌నాజ్ వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అస్మా లేచి లోపలికి పోయింది. పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. దుప్పట్లు మళ్లీ సంచిలోకి పోతున్నాయి. జహీర్ టేపును వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ అక్కడే కూర్చుండిపోయాడు.

తెల్లవారి షాహిద్ బడి గుడ్డలు విప్పనని మొండికేశాడు. ఈ రోజు బడి కదా అంటాడు. వాదించే ఓపిక ఎవరికీ లేక ఆ గుడ్డలతోనే బయలుదేరదీశారు. కొలతల పుస్తకం సంచిలో అన్నిటికంటే పైన పెట్టింది అస్మా. కుప్పంలో ఎన్నాళ్లు ఉండాల్సి వస్తుందో తెలియదు గనుక జహీర్ అంగడి తలుపుకు తాళం వేసి, ఆ తాళంచెవి మెహ్‌నాజ్ చేతిలో పెట్టాడు. పక్కింటివాళ్లకు చెప్పి పోతున్నానని, తమ్ముణ్ని చూసుకోమని అన్నాడు. పుస్తకం మాట ఎత్తలేదు.

మెహ్‌నాజ్ ఇమ్తియాజ్ చెయ్యి పట్టుకుని బడి దారి పట్టింది. దారి నిండా పిల్లలు. అందరివీ అబ్బా కుట్టిన గుడ్డలే. పాత ప్యాంట్ల మీద కొత్తగా దింపిన పట్టీలు, రంగు చెడకుండా, ఏ కాలు చూసినా అవే. ఆమె ఎక్కడ చూడాలో తెలియక ఇమ్తియాజ్ తల వైపు చూస్తూ నడిచింది.

బడి గేటు దగ్గర మాలతి టీచరు, మీ షాహిద్ యాడమ్మా అని అడిగింది. మెహ్‌నాజ్ నోరు విప్పేలోపల ఇమ్తియాజే చెప్పేశాడు.

"పెరిగేదానికి కుప్పం పోయినాడు మేడం. పెరిగినాక వస్తాడు."

టీచరు నవ్వబోయి మెహ్‌నాజ్ ముఖం చూసి ఆగింది.

అప్పుడే పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సు రోడ్డు మలుపు తిరిగింది. గేటు ముందు పిల్లలు అడ్డంగా ఉండటంతో మెల్లగా పోతోంది. కిటికీల్లో మెహ్‌నాజ్ వెతికింది. ఒక కిటికీలో అమ్మీ ముసుగు, పక్కన అబ్బా భుజం కనిపించాయి. ఇద్దరూ ఇటు చూడటం లేదు. వాళ్ల ముందు కిటికీ చట్రం మీద ఒక చిన్న చెయ్యి పైకి లేచి బడి వైపు ఊగుతోంది. కొత్త చొక్కా చేతి అంచు, అయిదు వేళ్లు. తల ఆ చట్రం పైకి అందలేదు.

"ఆపా, షాహిద్ భాయ్," అని ఇమ్తియాజ్ ఎగిరెగిరి చెయ్యి ఊపాడు.

మెహ్‌నాజ్ కూడా చెయ్యెత్తింది. గుప్పిట్లో అంగడి తాళంచెవి ఉంది. బస్సు కనుమరుగయ్యేదాకా అట్లాగే ఎత్తి పట్టుకుని నిలబడింది.