తిరుగుపైపు

పైపుల అల్మరాలో నల్లటి తొడుగు చీల్చి, మూడో గది తిరుగుపైపు మీద పరశురాముడు కుడి అరచెయ్యి పరిచి కళ్లు మూసుకున్నాడు. ఆర్నెల్ల కిందటైతే ఆ పైపు తన సంగతంతా చేతికి చెప్పేసేది. ఇప్పుడు చేతికి తెలిసిందల్లా అక్కడేదో గుండ్రంగా ఉందని మాత్రమే.

ఈ భవనంలో ఇళ్లకు చల్లనీళ్లు కింద మిషన్ల గది నుంచి వస్తాయి. ఒక పైపులో గదిలోకి పోయి, గాలిని చల్లార్చి, తాము కాస్త వెచ్చబడి తిరుగుపైపులో వెనక్కొస్తాయి. దగ్గర గది ఆశపోతు. దాని వాల్వు బిగించకపోతే దూరపు గదికి ఏమీ మిగలదు. మూడు తిరుగుపైపులూ ఒకే చలువగా తగిలితే ఇల్లు కుదిరినట్టు.

కంపెనీవాళ్లు చలువ కొలిచే మీటర్లు పంచినప్పుడు అతను తీసుకోలేదు. "నా సేతికి బ్యాటరీ ఎందుకు బాస్?" అని సూపర్‌వైజర్ యోగేశ్వరన్‌తో నలుగురిలో అన్నాడు. ఆ నోటితోనే ఇప్పుడు ఎలా అడగడం? షుగరు వేళ్లను తినేసిందని ఎలా చెప్పడం? ఈ ఇంటి నుంచి ఇంకొక్క ఫిర్యాదొస్తే ఇళ్ల పని మాన్పించి స్టోరులో కూర్చోబెడతానని యోగేశ్వరన్ నిన్ననే అన్నాడు. భార్య కమలం పోయాక తొమ్మిదేళ్లుగా పరశురాముడు ఈ ఊళ్లోనే బుకిట్ పంజాంగ్ పేటలో ఒక అద్దెగదిలో ఉంటున్నాడు. మనిషి గొంతు వినబడేది ఈ పరాయి ఇళ్లలోనే. స్టోరులో డబ్బాలు మాట్లాడవు.

"ఏం తమ్మీ, మూడోసారొచ్చినవ్," అంది అరుణమ్మ వెనక నుంచి. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోయాక ఇంట్లో ఉండేది ఆవిడొక్కతే. "నాలుగోసారి గూడొస్తే నీకు బట్టలు పెట్టాలె. మా శ్రీనాథ్ గదిల స్వెటరేసుకుంటున్నడు. నా గదిల నేను అట్టముక్కతోని విసురుకుంటున్న."

"ఇయ్యాల సుడా చేసేత్తానక్కా. అయిపోద్ది," అన్నాడు. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి మలేసియా రబ్బరుతోటలకు తీసుకుపోయిన తెలుగులో ఇప్పుడు సుడా, అంటే పూర్తి, లాంటి మలయ్ మాటలు కూడా దొర్లుతుంటాయి.

వాల్వు అర చుట్టు బిగించాడు. చెయ్యి పెట్టాడు. తెలియలేదు. మళ్లీ వదులు చేశాడు. అదీ తెలియలేదు.

అరుణమ్మ కొంగుతో పట్టుకుని స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చింది. అతను గ్లాసును గుప్పెట పట్టి తాపీగా నిలబడ్డాడు.

"అయ్యో, కాలుతది తమ్మీ! కింద పెట్టు!"

అప్పుడు చూసుకున్నాడు. అరచెయ్యి ఎర్రగా కమిలింది. ఆవిడ అతని మణికట్టు పట్టి సింకు దగ్గరికి లాక్కుపోయి నీళ్లు వదిలింది. అలా ఎవరైనా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో.

"ఎప్పటిసంది?"

"ఆర్నెల్లు."

"ఇంట్ల చెప్పినవా?"

"ఇంట్లో ఎవరున్నారక్కా సెప్పడానికి?"

కుళాయి కట్టేసి అతను అడిగాడు: "నీ సెయ్యి కాసేపు అరువిత్తావా?"

అల్మరా ముందు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఆవిడ మూడు పైపుల మీదా వరసగా చెయ్యి వేసింది. "ఇది మంచుగడ్డ. ఇది ఫరవాలేదు. నాదేమో చల్లారిన చారు లెక్కున్నది."

అతను మొదటి వాల్వు పావుచుట్టు బిగించాడు. నీళ్లు సర్దుకునేదాకా ఆగారు. "ఇప్పుడో?" "ఇంక రానీ." మళ్లీ పావు. మధ్యగదిని కొంచెం. గంట పట్టింది. చివరికి ఆవిడ మూడింటినీ రెండుసార్లు తడిమి, "ఒక్కతీరున్నయ్," అంది. తన గదిలోకి పోయి మంచం మీద వాలి, "అబ్బ!" అంది గట్టిగా.

పరశురాముడు వరండాలోకి వెళ్లి ఫోను చేశాడు. "బాస్, ఇల్లు కుదిరింది. రేపట్నుంచి ఇళ్ల పనికి నేను రాను. లేదు, ఎవరూ ఏటీ అన్లేదు. నా సెయ్యి పోనాది." అవతలి మాట పూర్తిగా విని, "అలాగే," అని పెట్టేశాడు.

పనిముట్లు సర్దుకుంటుంటే లోపల్నుంచి వినబడింది: "మళ్ల ఎప్పుడొస్తవ్ తమ్మీ?"

"పడుకో అక్కా," అని తలుపు దగ్గరికి లాగి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

అల్మరాలో మొదటి వాల్వుకు దారంతో కట్టిన అట్టకార్డు ఇంకా ఊగుతోంది. ఎన్ని చుట్లు బిగించారో, చేత్తో చూసిందెవరో రాయాల్సిన కార్డు అది. అర చుట్టు అని ఉంది. దాని కింద, పరశురాముడు రబ్బరుతోట బడిలో నేర్చిన వంకర అక్షరాలతో, అరుణమ్మ అని.