గుడ్డ కట్టిన కొళాయి

నేను ఒక కొళాయిని. పాతకాలపు కొళాయినై ఉంటే నా మీద ఇంత అనుమానం వచ్చేది కాదు. నీళ్లు పొదుపుగా వదిలేలా నన్ను చేయడమే నాకు నింద తెచ్చింది.

కరిగిన ఇత్తడిని అచ్చులో పోసి నన్ను చేశారు. సానపట్టి, వెండిలా మెరిసే పూత వేశారు. చివరగా నా మూతిలో సన్నని జాలీ బిగించారు. నీళ్లలో గాలి కలిపి, తక్కువ నీళ్లతోనే గిన్నె శుభ్రమయ్యేలా చూడటం దాని పని. తర్వాత పరీక్ష గదిలో కొలపాత్ర మీద నన్ను తిప్పి, గడియారం చూశారు. ప్రమాణాన్ని మించి నీళ్లు వదలడం లేదని తేలాక నీటి పొదుపుకు ఇచ్చే నక్షత్రాల చీటీ ఒకటి నా మెడకు కట్టారు. మనుషులు నన్ను పూర్తిగా నమ్మింది ఆ గదిలోనే.

అక్కడి నుంచి అనంతపురం వైపు ఒక ఆడపిల్లల హాస్టలుకు వచ్చాను. మెస్సులోని పాత కొళాయిలన్నీ పీకి మమ్మల్ని బిగించారు. నక్షత్రాల చీటీని ప్లంబరు అక్కడే చింపి పారేశాడు. వంటమనిషి ఓబులమ్మ వచ్చి నన్ను తిప్పింది, కాసేపు చూసింది.

"ఇదేం ధార మే? వట్టిపోయిన బర్రెను పిండినట్టుండాది," అంది పక్కనున్న ఖాసింబీతో. "మళ్లా తెల్లగా ఉండాది. ఏం మందు కలిపినారో ఏమో."

మెస్సు ట్యాంకుకు మోటరు వేసేది, వాల్వు తిప్పేది ఖాసింబీ. వాల్వు గది తాళంచెవి ఆమె కొంగున ఉండేది. భర్త పోయాక దొరికిన ఆ పని మీదే ఆమె బతుకుతోంది. హాస్టలు గోడవతల రెండు బర్రెలు కూడా ఉన్నాయి. ఆమె చేసిన తప్పేదైనా ఉంటే అదే.

"తెలుపు గాలిదంట అక్కా. ప్లంబరు చెప్పినాడు," అంది ఖాసింబీ.

"గాలి తెల్లగా ఉంటాదా? ఎప్పుడన్నా చూసినావా నువ్వు?"

ఆ వైపు ఇళ్లలో కొళాయి మూతికి గుడ్డ కట్టడం అలవాటు. మట్టి, పురుగు దిగకుండా ఉంటాయని. ఓబులమ్మ తన పాత చీర చింపి, మందు కూడా దిగకూడదని రెండు మడతలు వేసి, మా అందరి మూతులకూ బిగించి కట్టింది. నాకు గాలి ఆడలేదు. బోరునీళ్లలోని ఇసుక, సున్నం ఆ గుడ్డలో పేరుకున్నాయి. ధార రోజురోజుకూ సన్నబడింది. పిల్లలు కంచాలు పట్టుకుని వరుసలో నిలబడి బడి గంటను అందుకోలేకపోయారు.

ఇంకోపక్క, మేము నీళ్లు తక్కువ వదలడంతో ట్యాంకు తొందరగా ఖాళీ కావడం మానేసింది. ఖాసింబీ మోటరు తొందరగా ఆపసాగింది. నేను చేసిన మేలు ఆ ఒక్కచోటే పైకి కనిపించింది. ఓబులమ్మ దాన్నే పట్టుకుంది.

"మోటరు సగంలోనే ఆపుతాంది మేడం," అని వార్డెన్ సులోచనను నా ముందుకు పిలుచుకొచ్చింది. "లైను ఎటో తిప్పుకుంటాంది. ఆ గోడవతల బర్రెలు ఎట్ల నిగనిగలాడుతాండాయో సూడండి."

"ట్యాంకు నిండినాక ఆడిస్తే నీళ్లు మిద్దె మీద పారతాయి మేడం," అంది ఖాసింబీ. "నా బర్రెలు బోరింగు కాడ తాగుతాయి."

వార్డెన్ నన్ను తిప్పింది. గుడ్డ కొసన నాలుగు చుక్కలు జారాయి.

"నా కళ్లముందే కనిపిస్తోంది కదా ఖాసింబీ. రేపు తాళంచెవి ఓబులమ్మకివ్వు. నువ్వు పనిలో ఉండేదీ లేనిదీ తర్వాత చూద్దాం."

ఖాసింబీ కొంగు ముడి అక్కడే విప్పింది.

మరునాడు పొద్దున్నే ఓబులమ్మ తన చేతులతో మోటరు వేసింది. ట్యాంకు పొర్లిందాకా ఆడించింది. వాల్వు మొత్తం తిప్పి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నన్ను తెరిచింది.

అవే నాలుగు చుక్కలు.

మళ్లీ పోయి వాల్వు చూసింది, మళ్లీ వచ్చింది. అనుమానించడానికి ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. చాలాసేపు నా మూతి వైపు చూసి, మెల్లగా ముడి విప్పింది. గుడ్డలోంచి బంకలాంటి మట్టిముద్ద జారి తొట్టిలో పడింది. వెనకే నా ధార తెల్లగా, నిండుగా దిగింది. ఆమె నీళ్లు కట్టేసి, గుడ్డను గబగబా పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. తడిగుడ్డ అంటుకోలేదు. అంతలో బర్రెలను తోలుకుపోతూ ఖాసింబీ వాకిట్లో కనిపించింది.

"ఇదో మే, తాళంచెవి తీసుకో," అంది ఓబులమ్మ. "నాకు మోకాళ్ల నొప్పులు. ఆ వాల్వు తిప్పడం నావల్ల కాదు."

ఖాసింబీ లోపలికొచ్చింది. నన్ను తిప్పి చూసింది. "నీళ్లు బాగా వస్తాండాయే అక్కా. నా బర్రెలకు ఈ పొద్దు దప్పిక లేదేమో."

"టీ తాగుతావా?"

"తాగుతా. ముందు ఆ చేతిలో గుడ్డ సంగతి మేడంకు చెప్పిరా. అప్పుడు తీసుకుంటా తాళంచెవి."

ఓబులమ్మ కారుతున్న గుడ్డను అరచేతిలో పట్టుకుని ఆఫీసుగది వైపు నడిచింది. దారి పొడవునా చుక్కలు పడ్డాయి.

ఖాసింబీ టీకి నా కింద గిన్నె పట్టింది. తెలుపు అడుగునుంచి పైకి విరిగిపోయి నీళ్లు తేటబడేదాకా చూసింది. పొయ్యి మీద పెట్టేముందు ఆమె కూడా ఒకసారి గిన్నెను ముక్కు దగ్గరికి తీసుకుని, మందు కలిసిందేమోనని వాసన చూసింది.