ఆ ఆదివారం వాడు ఇంటికి రాలేదండి

జగదాంబ నరసాపురంలో బస్సెక్కేముందు భర్త అప్పాజీ ఒకే మాట చెప్పాడు. "నువ్వెళ్తేనే మంచిది. నేనెళ్తే గొడవైపోద్ది. తల్లి ఏడిస్తే కాలేజీవాళ్ల మనసు కరుగుద్ది." వాళ్ల బట్టలకొట్లో పెళ్లిళ్ల బేరాలు జోరుగా ఉన్నాయి. ఆవిడా సరేనంది.

కొడుకు పృథ్వీ భీమవరం శివార్లలోని యూనివర్సిటీలో ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాడు. ఒక ఆదివారం సాయంత్రం హాస్టల్ రూములో ఫస్టియర్ కుర్రాణ్ణి ర్యాగింగ్ చేసి చెవి మీద కొట్టాడని వాడి మీద ఫిర్యాదు. "నన్ను ఇరికించారమ్మా" అని ఫోన్లో ఏడిచాడు. ఆవిడ నమ్మింది. కడుపున పుట్టినవాణ్ణి నమ్మక ఇంకెవర్ని నమ్ముతుంది?

యూనివర్సిటీ గేటు దగ్గర పృథ్వీ ఎదురొచ్చి, సంచీ అందుకుని గొంతు తగ్గించాడు.

"ఆ ఆదివారం నేను మనింట్లో ఉన్నానని చెప్పానమ్మా. నిన్నడిగితే అవునను. నాన్నకి చెప్పాను, సరేనన్నారు."

"ఆ ఆదివారం నువ్వు రాలేదు కదరా!"

"అందుకేగా చెబుతున్నాను."

జగదాంబకు గుర్తొచ్చింది. ఆ ఆదివారం సాయంత్రం తనే వాడికి ఫోన్ చేసింది. హాస్టల్ రూములో ఉన్నానన్నాడు. వెనక ఎవరో ఏడుస్తున్నట్టు వినబడితే ఏంట్రా అనడిగింది. "సినిమా చూస్తున్నామమ్మా" అని నవ్వాడు. ఆవిడా నవ్వేసింది.

క్రమశిక్షణ కమిటీ గదిలో ఆ కుర్రాడు అప్పటికే కూర్చుని ఉన్నాడు. పేరు మణిదీప్. మొగల్తూరు వైపు రైతు కుటుంబం. ఎడమ చెవిలో దూది పెట్టి ఉంది. పక్కన వాళ్లమ్మ, ఆమె పేరు చిన్నమ్మాయి. కమిటీ పెద్ద నిరంజన్ గారు ఏదడిగినా మణిదీప్‌కు సగమే అందుతోంది. "ఏమన్నారమ్మా?" అని ప్రతిసారీ తల్లి వైపు తిరుగుతున్నాడు. ఆమె వంగి, కుడిచెవి దగ్గర మళ్లీ చెబుతోంది.

ఆ రోజు హాస్టల్ రూములో ఉన్న మిగతా పిల్లలంతా తామేమీ చూడలేదన్నారట. నిరంజన్ గారు జగదాంబ వైపు తిరిగారు.

"మీ అబ్బాయి ఆ రోజు ఇంటికొచ్చానంటున్నాడు. నిజమేనా అండి?"

ఆవిడ కొడుకు వైపు చూసింది. వాడి ముఖంలో బెదురు లేదు. అమ్మ ఎలాగూ అవునంటుందన్న ధీమా ఉంది. ఆ ధీమా చూసే ఆవిడకు భయమేసింది. ఇంతలో మణిదీప్ మళ్లీ తల్లినడిగాడు, "ఏమన్నారమ్మా?"

"రాలేదండి" అంది జగదాంబ. "ఆ ఆదివారం వాడు ఇంటికి రాలేదండి. ఇక్కడే ఉన్నాడు. నేను ఫోన్ చేశాను. ఎవరో ఏడవడం కూడా విన్నానండి."

"అమ్మా!" అని అరిచాడు పృథ్వీ.

ఏడాది సస్పెన్షన్. హాస్టల్లోకి ఇక రానివ్వరు. కేసు పెట్టుకోవడం కుర్రాడివాళ్ల ఇష్టమన్నారు.

వరండాలో చిన్నమ్మాయి ఆవిణ్ణి ఆపింది. తిడుతుందనుకుని జగదాంబ చేతులు జోడించింది. ఆమె తిట్టలేదు.

"మావోణ్ణి ఎందుక్కొట్టాడండి? ఏం చేశాడని?"

 బస్టాండులో జగదాంబ అదే మాట కొడుకుని అడిగింది.  వాడు బస్సులొచ్చే వైపు చూస్తూ అన్నాడు.

"నన్ను 'సార్' అనమంటే 'అన్నా' అన్నాడు."

"అంతేనా?"

"అంతే."

 బస్సొచ్చింది. జగదాంబ ముందు సీట్లో కూర్చుంది. పృథ్వీ వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాడు.

"కన్నకొడుకు నోట్లో మట్టి కొట్టావు" అన్నాడు అప్పాజీ, ఇంటికి చేరాక. పృథ్వీ తల్లితో మాట మానేశాడు, తర్వాత ఆయన కూడా ఆవిడతో అవసరమైతేనే మాట్లాడాడు.

పృథ్వీని ధవళేశ్వరంలో మేనమామ ఇంటికి పంపడానికి నిశ్చయమైంది. వెళ్లే రోజు జగదాంబ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపింది. వాడు తండ్రి కాళ్లకు దండం పెట్టాడు. ఆవిడ అందించిన డబ్బా తీసుకోలేదు. "నాన్నా, వెళ్లొస్తాను" అని ఆటో ఎక్కాడు.

"జాగ్రత్తరా" అంది ఆవిడ. ఆటో చప్పుడులో వినబడిందో లేదో, వాడు తల తిప్పలేదు.